దావీదు లెక్క, కాపరి లెక్క



ఆటల పీరియడ్ అంటే మన తరానికి తెలిసింది ఒక మైదానం, ఒక ఈల, ఒక డ్రిల్లు మాస్టారు, గాలి తగ్గిన ఒక ఫుట్‌బాల్. ఇప్పుడు కొన్ని బడులలో ఆ మైదానంలోకి యంత్రాలు కూడా వచ్చాయి. అడుగులు లెక్కపెట్టే వాచీ, గుండె కొట్టుకునే వేగం చూపే పట్టీ, ఎత్తూ బరువూ ఎక్కించగానే పిల్లవాడికి ఒక రంగు కేటాయించే యాప్, ఆరోగ్య పాఠం చెప్పే తెర. ఇవి వచ్చేశాయి, ఇక వెనక్కు పోవు. కాబట్టి వీటిని వాడవచ్చునా కూడదా అని వాదించుకోవడంలో ప్రయోజనం లేదు. బిడ్డ శరీరాన్ని ఏ ఉద్దేశంతో కొలిస్తే అది సేవ అవుతుంది, ఏ ఉద్దేశంతో కొలిస్తే పాపం అవుతుంది? ఈ వారం మీతో కలిసి ఆలోచించదలచిన ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నను నేను పుస్తకాలు చదివి ఎత్తుకోలేదు. మా మనవరాలి వల్ల ఎత్తుకోవలసి వచ్చింది.

ఆ పిల్ల ఏడో తరగతి. ఒక సాయంత్రం బడినుండి వచ్చి, సంచి మూలన పడేసి, పాలు వద్దంది. రాత్రి అన్నం దగ్గరకు రాలేదు. మా కోడలు ముందు బ్రతిమాలింది, తరువాత కోప్పడింది. చివరకు నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, దుప్పటిలోనుండి మొహం బయట పెట్టకుండానే, "తాతయ్యా, నేను ఎరుపు" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. మెల్లగా అడిగితే సంగతి బయటపడింది. ఆ రోజు ఆటల పీరియడ్‌లో తరగతి మొత్తాన్ని హాలులో కూర్చోబెట్టి, బడివారు కొన్న ఏదో యాప్‌లో అందరి ఎత్తులూ బరువులూ ఎక్కించి, ఫలితాన్ని తెరమీద చూపారట. పేరు, పక్కన బీఎంఐ అంకె, ఆ పక్కన ఒక రంగు. ఆకుపచ్చ అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్తపడవలసినట్టు, ఎరుపు అయితే బరువు మితిమీరినట్టు. తరగతిలో ముగ్గురే ఎరుపు. ఆ ముగ్గురిలో మా పిల్ల ఒకతె. "నా బరువు ఎక్కువ" అని ఆ పిల్ల అనలేదు, గమనించండి. "నేను ఎరుపు" అంది.

ఆ తెరను పగులగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. మర్నాడు ఉదయం బడికి వెళ్ళి నాలుగు మాటలు అడిగేద్దామని చొక్కా కూడా వేసుకున్నాను. గుమ్మం దాటకముందే నా అంతరాత్మ నన్ను ఆపింది. ఎందుకంటే ముప్పై ఏళ్ళపాటు నేనూ డ్రిల్లు మాస్టారునే.

వేపచెట్టు కింది పిల్ల

1980లలో నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. ఆటల గంట కొట్టగానే వెళ్ళి వేపచెట్టు కింద కూర్చునేది. మైదానం చుట్టూ రెండు చుట్లు పరుగెత్తమంటే మొదటి చుట్టు సగంలోనే ఆగి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని రొప్పేది. ఆ పిల్లకు నేను పెట్టిన పేరు 'నిద్రమొహం'. అందరి ముందూ ఆ పేరుతోనే పిలిచేవాణ్ణి. తరగతి నవ్వేది. నలుగురూ నవ్వితే రోషం వచ్చి పరుగెడుతుందని నేను నిజంగానే నమ్మాను. ఏడాదిన్నర అలాగే గడిచింది.

ఒకరోజు విచారణ డిస్పెన్సరీలో నర్సుగా ఉన్న సిస్టరుగారు బడికి వచ్చి పిల్లలను ఒక్కొక్కరినే చూస్తూ, ఆ అమ్మాయి కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగారు. లోపల ఎర్రగా ఉండవలసిన చోట పాలిపోయి తెల్లగా ఉంది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు తేలింది. ఆ వయసుకు పన్నెండైనా ఉండాలి. సిస్టరుగారు నన్ను తిట్టలేదు. "మాస్టారూ, ఈ పిల్లది బద్ధకం కాదండి. ఇన్నాళ్ళూ సగం రక్తంతో పరుగెత్తింది" అన్నారు, అంతే.

నేను పాపసంకీర్తనంలో ఆ తప్పు చెప్పుకున్నాను. కాని ఆ అమ్మాయిని క్షమాపణ అడిగే ధైర్యం నాకు వచ్చేసరికి ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఆ బాకీ ఇప్పటికీ అలాగే ఉంది.

అందువల్ల యంత్రం మనిషికంటే క్రూరమైనదని నేను అనలేను. పిల్లను పదిమందిలో అవమానించడం తెర వచ్చిన తరువాత మొదలైన పని కాదు. నా ఈల, నా నోరు ఆ పని ఏనాడో చేశాయి. పైగా, ఆ రోజులలో నా చేతిలో ఒక చిన్న యంత్రం ఉండి ఉంటే ఏడాదిన్నర ముందే నా నోరు మూతపడేదేమో!

యంత్రం చేయగల మేలు

అటువంటి యంత్రం ఇప్పుడు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రారంభించిన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో, వేలికొన నుండి ఒక్క రక్తపు చుక్క తీసి అక్కడికక్కడే హిమోగ్లోబిన్ చూపే డిజిటల్ పరికరానికి చోటిచ్చారు. బడిపిల్లలకు వారానికొకసారి ఐరన్ మాత్ర ఇచ్చే ఏర్పాటు కూడా ఆ కార్యక్రమంలో భాగమే. దాని అవసరం ఎంతో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిలలో నూటికి 59 మందికి, అదే వయసు అబ్బాయిలలో నూటికి 31 మందికి రక్తహీనత ఉంది. అంటే మన మైదానాలలో వేపచెట్టు కింది పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారన్నమాట.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్ అనే పట్టణంలో ఫిల్ లాలర్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు ఉండేవారు. 1990లలో ఆయన పిల్లలకు గుండె వేగం చూపే పట్టీలు కట్టి పరుగెత్తించడం మొదలుపెట్టారు. ఒకసారి మైలు పరుగులో అందరికంటే వెనుకబడే ఒక అమ్మాయి పట్టీ చూస్తే, ఆ పిల్ల గుండె దాదాపు కొట్టుకోగలిగినంత వేగంగా కొట్టుకుంటున్నదని తేలింది. గడియారం ఒక్కటే చూసి ఉంటే ఆ పిల్ల ఒళ్ళు వంచడం లేదనుకునేవారు. పట్టీ చూశాక, ఆ పిల్ల తనకు చేతనైనదంతా చేస్తున్నదని అర్థమైంది. ఆ తరువాత ఆయన ఎంత వేగంగా పరుగెత్తారన్నదానికి కాక, ఎంత కష్టపడ్డారన్నదానికి మార్కులు వేయసాగారు. నాకు సిస్టరుగారి బొటనవేలు నేర్పిన పాఠమే ఆయనకు ఆ పట్టీ నేర్పింది.

అంకెలు ఎక్కడివి?

అయితే అంకెకు మనమిచ్చే గౌరవం దాని అర్హతకు మించిపోయింది. బీఎంఐ లెక్కకు మూలపురుషుడు అడాల్ఫ్ కెట్లే అనే బెల్జియం దేశస్థుడు. ఆయన వైద్యుడు కాడు. ఖగోళ, గణిత శాస్త్రజ్ఞుడు. 1830లలో జనసమూహాల కొలతలు తీసి 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తేల్చే ప్రయత్నంలో ఆ సూత్రం పుట్టింది. దానికి బీఎంఐ అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు పెట్టారు. సమూహం కోసం పుట్టిన సూత్రం, అది ఒక పిల్లమీద తీర్పు చెప్పడానికి పుట్టలేదు. పెద్దలకు వాడే హద్దులు పిల్లలకు నేరుగా వర్తించవు; వయసును, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాన్ని బట్టి వేరే పట్టికలతో పోల్చి చూడాలి. ఎదిగే వయసులో ఒక పిల్లకు ముందు బరువు వచ్చి ఆ తరువాత ఎత్తు రావచ్చు.

2004లో 'లాన్సెట్' వైద్యపత్రికలో ఇద్దరు వైద్యుల ఫోటో ఒకటి వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కాని యుడ్‌కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం అయితే యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. తెరమీద ఈ ఇద్దరికీ ఒకే రంగు పడుతుంది. రోజుకు పదివేల అడుగులు నడవాలని మనమంతా వల్లించే అంకె కూడా 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరునుండి వచ్చింది. ఏ వైద్య పరిశోధనా తేల్చింది కాదు. నడక మంచిది కాదని నేననడం లేదు. అంకె దారి చూపే బోర్డు వంటిదనీ, దానికి న్యాయపీఠం మీద చోటు లేదనీ అంటున్నాను.

రెండు లెక్కలు

పవిత్ర గ్రంథంలో లెక్కపెట్టిన ఇద్దరిని గుర్తుచేసుకుందాం.

మొదటివాడు దావీదు రాజు. సమూవేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో ఆయన ప్రజలను లెక్కించమని యోవాబును ఆజ్ఞాపించాడు. ఈ లెక్క మీకెందుకని యోవాబు వారించినా వినలేదు. తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి లెక్క తెచ్చారు: కత్తి పట్టగలవారు యిస్రాయేలులో 8 లక్షలు, యూదాలో 5 లక్షలు. అంకె చేతికి రాగానే దావీదు మనసు అతనిని పొడిచింది. తాను పాపం చేశానని ఒప్పుకున్నాడు. లెక్కపెట్టడం పాపమెందుకైంది? పండితులు పలువిధాలుగా వివరిస్తారు. నాకు తోచింది ఇది: దేవుడు అప్పగించిన ప్రజను దావీదు తన బలంగా చూశాడు. ఆ లెక్కలో కత్తి పట్టగలవారే ఉన్నారు. కుంటివారు, వృద్ధులు, పసిపిల్లలు లేరు. ఆ లెక్క తరువాత ఏ ఒక్కరి బ్రతుకూ బాగుపడలేదు.

రెండవవాడు లూకా సువార్త 15వ అధ్యాయంలోని కాపరి. ఆయనా లెక్కపెట్టాడు. లెక్కపెట్టకుండా తొంభైతొమ్మిదే ఉన్నాయని ఎలా తెలుస్తుంది? కాని ఆయన లెక్కపెట్టింది మంద ఎంత పెద్దదో చెప్పుకోవడానికి కాదు, ఎవరు తప్పిపోయారో తెలుసుకోవడానికి. అంకె తెలియగానే ఆయన కూర్చోలేదు, నడిచాడు. తప్పిపోయిన గొఱ్ఱెను మిగిలినవాటి ముందు నిలబెట్టి నిందించలేదు, భుజాలమీద ఎత్తుకున్నాడు.

చేతివ్రేళ్ళు, గడియారం, యాప్ - ఏదైనా లెక్కపెడుతుంది. అది దావీదు లెక్కో కాపరి లెక్కో తేల్చేది ఆ తరువాత మనం వేసే అడుగు. హిమోగ్లోబిన్ చూసి మాత్ర ఇచ్చి, మూడు నెలలకు మళ్ళీ పిలిచి చూస్తే అది కాపరి లెక్క. పేర్లూ రంగులూ తెరమీద పెట్టి, ఫోటో తీసి, బడి ప్రకటనలో వేసుకుంటే అది దావీదు లెక్క.

ఎరుపు ఎవరిది?

కొందరు నన్ను అడుగుతారు: "మాస్టారూ, సిగ్గుపడితేనే కదా పిల్లలు మారతారు? నిజం దాచిపెట్టమంటారా?" నిజం దాచమని నేననను. డాక్టరుగారు కూడా బరువు చూస్తారు, నిజం చెబుతారు. కాని తెర చాటున చూస్తారు, ఆ బిడ్డకూ తల్లిదండ్రులకూ మాత్రమే చెబుతారు. సిగ్గుపెడితే పిల్లలు మారతారన్నది నేను ఏడాదిన్నర నడిపిన ప్రయోగం. దాని ఫలితం మీకు చెప్పాను.

నిజమే చెప్పదలచుకుంటే మొత్తం నిజం చెప్పాలి. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఎన్ని బడులలో ఆ గంట దొరుకుతున్నది? ఆటస్థలంలో కొత్త భవనం లేచింది. పరీక్షలు దగ్గరకు రాగానే ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకుంటారు. బడి గేటు ముందే చిప్స్ పొట్లాలు వేలాడుతుంటాయి. ఇంటికి రాగానే ట్యూషన్, ఆపైన ఫోను. ఇదంతా పెద్దలం ఏర్పాటు చేసి, చివరకు పన్నెండేళ్ళ పిల్ల పేరు పక్కన ఎరుపు వేస్తున్నాం. న్యాయంగా ఆ ఎరుపు మన పేర్ల పక్కన పడాలి.

శరీరం మనకు అప్పగించబడినది

పునీత పౌలుగారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖలో మన శరీరం పవిత్రాత్మకు ఆలయమని బోధించారు. ఆలయాన్ని శుభ్రంగా ఉంచుతాం, బీటలు వారితే బాగుచేస్తాం. అయితే ఆలయం విలువ దాని వైశాల్యాన్ని బట్టి ఉండదు. కథీడ్రల్‌లో ఉన్న ప్రభువే పల్లెలోని చిన్న గుడిసె దేవాలయంలోనూ ఉంటాడు.

పునీత రెండవ జాన్‌పాల్ జగద్గురువులను తలచుకోండి. కొండలెక్కి, మంచుమీద స్కీయింగ్ చేసి, పడవ నడిపిన దృఢకాయులు ఆయన. ఆ శరీరమే చివరి ఏళ్ళలో పార్కిన్‌సన్స్ వ్యాధితో వణికింది. ఆయన దానిని లోకంనుండి దాచుకోలేదు. 2005లో ఆయన మరణించేనాటికి ఆ శరీరం ఏ పరీక్షలోనూ నెగ్గేది కాదు. కాని ఆయన మర్యాదలో ఒక్క పాలు కూడా తగ్గలేదు.

పునీత జాన్ బోస్కోగారు బాల్యంలో తాడుమీద నడిచి, గారడీలు చేసి తోటి పిల్లలను పోగుచేసి ప్రార్థన నేర్పేవారు. తరువాత ట్యూరిన్ నగరంలో తన బడులలో ఉపాధ్యాయులు ఆటస్థలంలో పిల్లల మధ్యనే ఉండాలని పట్టుబట్టారు. పిల్లవాడి మనసు తరగతిగదిలోకంటే ఆటలో బయటపడుతుందని ఆయనకు తెలుసు. వాటికన్ 2025 జనవరిలో కృత్రిమ మేధ గురించి వెలువరించిన 'ఆంతీక్వా ఎత్ నోవా' పత్రం కూడా ఉపాధ్యాయుడు ఎదురుగా ఉండటంవల్ల ఏర్పడే అనుబంధాన్ని యంత్రం ఇవ్వలేదని గుర్తుచేసింది. వాచీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో చెబుతుంది. అది పరుగువల్లనా, భయంవల్లనా అన్నది చూసి అడిగే మనిషి కావాలి.

కాబట్టి మన విచారణలలోని తల్లిదండ్రులకు, బడులు నడిపే గురువులకు, సిస్టర్లకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. కొలవండి, కాని ఒక్కొక్కరినే, చాటున కొలవండి. పిల్లను పక్క పిల్లతో కాక, మూడు నెలల క్రితం తానున్న స్థితితో పోల్చండి. కొలిచిన ప్రతి అంకె వెనుకా ఒక ప్రశ్న అడగండి: పొద్దున ఏమైనా తిని వచ్చావా అమ్మా? నిద్ర పడుతున్నదా? ఆ ప్రశ్న అడిగే తీరిక లేనప్పుడు కొలవకండి. పిల్లల వివరాలు ఏ కంపెనీ చేతికి పోతున్నాయో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోండి. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళు నిండనివారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది.

రెండు రోజులు ఆగి, కోపం చల్లారాక, నేను ఆ బడికి వెళ్ళాను. ఆ మాస్టారు యువకుడు. నెలాఖరులోగా అన్ని తరగతుల వివరాలూ ఎక్కించాలని పైవారు చెప్పారట. "తెరమీద పెడితే తప్పులుంటే పిల్లలే చెబుతారు కదా అని పెట్టాను మాస్టారూ, ఇంత అవుతుందనుకోలేదు" అన్నాడు. అతని మొహంలో దుర్మార్గం లేదు, తొందర ఉంది. నలభై ఏళ్ళ క్రితం నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. నేను అతనికి వేపచెట్టు కింది పిల్ల కథ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి ఒక్కొక్కరినే పిలుస్తానన్నాడు.

మా మనవరాలు ఇప్పుడు సాయంత్రాలు వీధిలో ఆడుకుంటున్నది. అన్నం తింటున్నది. కాని అప్పుడప్పుడు కంచంలో ముద్దలు లెక్కపెట్టుకోవడం చూస్తున్నాను. ఆ లెక్క ఎప్పుడు మానుతుందో ప్రభువుకే తెలుసు.

ప్రియ పాఠకులారా, ఈ సాయంత్రం మీ బిడ్డ బడినుండి రాగానే ఎన్ని మార్కులు, ఎన్ని చుట్లు, ఎన్ని అడుగులు అని అడగడానికి ముందు ఒక మాట అడగండి: "ఈ రోజు ఎవరితో ఆడుకున్నావమ్మా?" ఆ తరువాత ఇంకొకటి కూడా అడగండి. "ఎవరైనా ఆడకుండా చెట్టు కింద కూర్చున్నారా?" కాపరి లెక్క మన ఇళ్ళలో అక్కడినుండే మొదలవుతుంది.